సరంగు నిద్ర

వీరవేణి కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు ఆమెకు మొదట నేర్పింది వంట కాదు, వినడం. రేవులో స్టీమరు ఒక కూత వేస్తే బయలుదేరుతున్నట్టు. రెండు వేస్తే ఒడ్డు చేరినట్టు. ఆగకుండా మూడు వేస్తే మాత్రం చేతిలో ఏ పనున్నా వదిలేసి మొగుణ్ణి కేకేయాలి. ఆ మూడు కూతలూ పల్లంరాజు కోసమే.

అప్పటికి గోదావరి మీద రైలు వంతెన పూర్తికాలేదు. నది మధ్యలో దిమ్మెలు మాత్రం లేచి నిలబడ్డాయి. బెజవాడ నుంచి వచ్చే రైలు అవతలి ఒడ్డున కొవ్వూరులో ఆగిపోయేది. విశాఖపట్నం వైపు వెళ్లేది ఇవతల రాజమండ్రిలో బయలుదేరేది. నడుమ ఉన్న నదిని జనమూ, టపా సంచులూ స్టీమరు మీదే దాటాలి. స్టీమరు చక్రం పట్టి నడిపేవాణ్ణి సరంగు అంటారు. ఆ రేవులో అసలు సరంగు ఏసుపాదం. పల్లంరాజు బదులు సరంగు. ఏసుపాదానికి ఒంట్లో బాగా లేకపోయినా, అతనికి విశ్రాంతి ఇవ్వాల్సి వచ్చినా పల్లంరాజు వెళ్లి చక్రం అందుకోవాలి. మిగతా రోజుల్లో అతని ఉద్యోగమల్లా ఇంటిపట్టున ఉండడమే.

వినడానికి హాయిగా ఉంటుంది గానీ అది గుంజకు కట్టేసిన గొడ్డు బతుకు. కూత వినపడనంత దూరం పోకూడదు. అన్నదమ్ములతో చేపల వేటకు పోకూడదు. కల్లు ముట్టకూడదు. అంతర్వేదిలో మేనకోడలి పెళ్లికి వీరవేణి ఒక్కతే వెళ్లొచ్చింది. వాళ్లుండే పల్లెపేటలో మగవాళ్లంతా పడవలెక్కి పోతే పల్లంరాజు అరుగు మీద కూచుని ఎవరెవరివో వలలు బాగుచేస్తూ ఉండేవాడు. కూతకు కాపలావాడని వెనకాల నవ్వుకునేవారు. అతను విననట్టే ఉండేవాడు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది వీరవేణే. ఎంత దూరం తిరిగినా ఆమె చెవి ఒకటి నదివైపే ఉండేది.

అసలా బదులు సరంగు అనే ఉద్యోగం పుట్టిందే ఆమె పుట్టింటి కష్టంలోంచి. ఆమె అన్న రాముడు ఒకప్పుడు ఆ రేవుకంతటికీ ఒక్కడే సరంగు. ఒక ఏడు వరదలకు రైళ్లు తారుమారై, పగలనక రాత్రనక అతనిచేతే స్టీమరు నడిపించారు. చివరికి ఒక పట్టపగలు, ఎండ కాస్తుండగా, నీళ్లు నిలకడగా ఉండగా, స్టీమరును తిన్నగా తీసుకెళ్లి వంతెన రాళ్లు మోసే బల్లకట్టుకు కొట్టాడు. కొందరు మునిగిపోయారు. రాముడు ఈదుకుంటూ ఒడ్డెక్కాడు. నిద్రపోయావా అని పైవాళ్లు అడిగితే లేదన్నాడు. ఎవరూ నమ్మలేదు. చెల్లెలికి మాత్రం ఒక మాట చెప్పాడు.

"కళ్లు తెరిచే ఉన్నాయి చెల్లీ. బల్లకట్టు కనపడతానే ఉంది. నేనే అక్కడ లేను."

ఆ తరవాత కాకినాడలో ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్లిపోయాడు. మళ్లీ అతని కబురు లేదు.

అప్పుడే రేవు ఆఫీసువాళ్లు కట్టుబాటు పెట్టారు. రాత్రంతా చక్రం పట్టిన సరంగు మళ్లీ సాయంత్రం దాకా దాన్ని ముట్టకూడదని, అతని స్థానంలోకి ఇంకొకణ్ణి ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలని. కట్టుబాటు మంచిదే. ఉన్న ఇద్దరిలో ఒకడు మంచాన పడితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఆ శ్రావణంలో అదే జరిగింది. భద్రాచలానికి ఎగువన వానలు దంచికొట్టి గోదారి ఎర్రగా, గట్లు ఒరుసుకుంటూ దిగింది. నాటుపడవలు నది దాటకూడదని దండోరా వేశారు. ఏసుపాదం చలిజ్వరంతో వణుకుతూ దుప్పట్లకింద పడున్నాడు. పొద్దుగూకే వేళ మూడు కూతలు పడితే పల్లంరాజు పరిగెత్తాడు. నిలిచిపోయిన రైళ్ల జనాన్ని అటూ ఇటూ చేరవేయడంతోనే తెల్లారిపోయింది. ఎండెక్కాక ఇంటికొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా చాపమీద వాలిపోయాడు. వీరవేణి పోసిన గంజి ముంతలో అలాగే చల్లారిపోయింది.

ఆ రోజు ఆమె తట్ట ఎత్తలేదు. గుమ్మం పక్కన కూచుని, పక్కింటి కోళ్లను అదిలిస్తూ, పిల్లల్ని వీధి చివరికి పొమ్మని సైగ చేస్తూ ఉంది. ఎండ ముంగిట్లోకి పూర్తిగా దిగింది. అప్పుడు వినపడింది కూత. ఒకటి, దాని వెంటనే ఇంకొకటి, ఆ వెంటనే మరొకటి.

వీరవేణి లేచి నిలబడింది. లోపలికి తొంగిచూసింది. ఎంత నిద్రలో ఉన్నా మొదటి కూతకే లేచి కూచునే మనిషి కదల్లేదు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఒక చెయ్యి ఇంకా చక్రాన్ని పట్టుకున్నట్టే వంగి ఉంది. అతను లేచి ఉంటే ఆమెకు ఇంత భయం వేసేది కాదు. తలుపు దగ్గరగా వేసి, గడపమీద అడ్డంగా కూచుంది.

కాసేపటికి రేవు ఆఫీసు బంట్రోతు చెమటలు కక్కుతూ వచ్చాడు. కొవ్వూరులో రైలు దిగిన జనం తోసుకుంటున్నారట. వాళ్లలో ఒక పెద్ద దొరగారున్నారట. సరంగును వెంటబెట్టుకు రమ్మన్నారట. వీరవేణి కూచున్నచోటు నుంచి లేవకుండానే తన మొగుడు తెల్లారేదాకా చక్రం పట్టాడని, సాయంత్రం దాకా ముట్టకూడదని పెట్టింది వాళ్ల ఆఫీసేనని చెప్పింది. బంట్రోతు నచ్చజెప్పాడు. కసిరాడు. కూతకు రాని బదులు సరంగు ఎందుకు, రేపటినుంచి ఇంకొకడొస్తాడన్నాడు. ఆమె గడప మీంచి కదల్లేదు. అతను తలుపుమీద చెయ్యి వెయ్యబోతే మాత్రం లేచి నిలబడింది. చేపలు కోసి కోసి గట్టిపడ్డ ఆ చేతులు చూసి వెనక్కి తగ్గాడు.

అతను వెళ్లాక ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు. చేతిలో అన్నం నేలపాలు చేసుకుంటున్నావని ఒకామె, మగాళ్ల ఉద్యోగాల్లో మనకెందుకని ఇంకొకామె అన్నారు. వీరవేణికి వాళ్ల మాటలు సగమే వినపడుతున్నాయి. ఇంకో కూత పడుతుందేమోనని చూస్తోంది. కూత పడలేదు. కూత బదులు జగన్నాథరావు గారే వచ్చారు.

ఆయన రేవు సూపరింటెండెంటు. పల్లెపేటలోకి ఆ రోజు దాకా అడుగుపెట్టిన మనిషి కాదు. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, బురదలో పంచె ఎగ్గట్టుకుని వస్తుంటే ఆడవాళ్లంతా తప్పుకున్నారు. మాటలో కటువు లేదు, అధికారమూ లేదు. ఎక్కణ్ణుంచో పరిగెత్తి వచ్చినట్టు ఊపిరి అందడం లేదు.

"వీరవేణీ, దొరగారి సంగతి వదిలెయ్. ఆయన అరుచుకుంటే అరుచుకుంటాడు. కొవ్వూరు నుంచి తంతి వచ్చింది. దొమ్మేరు మిషన్ బడి మాస్టారి భార్యంట. నిన్నటినుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. ఇవతల ఆసుపత్రికి చేరిస్తే గానీ దక్కదంటున్నారు."

వీరవేణి తలుపువైపు ఒకసారి చూసింది. "ఇంకెవరూ లేరాండీ? ధవళేశ్వరంలో కాలవ స్టీమర్ల సరంగులుంటారు కదండీ?"

ఆయన అప్పుడే మనిషిని పంపానన్నారు. వాళ్లంతా కాలవల మీద దూరం పోయారని, సాయంత్రం లోపల ఒక్కడూ తిరిగిరాడని కబురొచ్చిందట. ఏసుపాదాన్ని కూడా చూసొచ్చానని, అతను కూచోబెడితే కూచోలేకపోతున్నాడని చెప్పారు. చెప్పి, "నన్నేం చెయ్యమంటావు?" అని అడిగారు. అది బెదిరింపు కాదు. నిజంగానే అడుగుతున్నారు.

తలుపు తెరిచి వీరవేణి లోపలికి వెళ్లింది. తను ఎప్పుడూ చూడని ఆ ఆడమనిషి ఒక్కో నొప్పికి ఎలా బిగుసుకుపోతూ ఉంటుందో ఆమెకు తెలుసు. తనూ కన్నతల్లే. లేపడం తప్పదనుకుంది. పల్లంరాజు భుజం పట్టుకుని కుదిపింది. కదల్లేదు. గట్టిగా కుదిపి, తడిచేత్తో మొహం తుడిచింది. అప్పటికి కళ్లు తెరిచాడు.

"కూతేసిందా?"

"వేసింది మావా. అవతల కానుపు కష్టమైన మనిషి ఉందంట."

చటుక్కున లేచాడు. చొక్కా తొడుక్కున్నాడు. తలపాగా చుట్టుకున్నాడు. చేతులు తడబడలేదు, మాట తడబడలేదు. వాకిట్లో జగన్నాథరావు గారి మొహం తేటపడింది. పల్లంరాజు ఆయనకు దణ్ణం పెట్టి, నీళ్లెంత ఎత్తున ఉన్నాయని అడిగాడు. ఆయన చెప్పారు. తల ఊపాడు. వీరవేణి, తను ఊరికే భయపడ్డాననుకుని, పక్కకు జరిగి దారిచ్చింది.

గడప దాటబోతూ అతను ఆమెవైపు తిరిగి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అడిగాడు.

"రాముడు బావ రేవుకొచ్చేశాడా? ఇందాక నా పక్కనే ఉన్నాడు."

పల్లంరాజు కళ్లు బాగా తెరిచే ఉన్నాయి. భార్య మొహంలోకే చూస్తున్నాడు. జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

వీరవేణి అతని చెయ్యి పట్టుకుంది. "వచ్చాడు మావా. ఆయనే నడుపుతాడంట. నువ్వు పడుకో."

సరేనన్నాడు. పసిపిల్లాడిలా ఆమె వెంట నడిచి, తలపాగాతోనే చాపమీద ఒరిగాడు. తల ఆనిందో లేదో గురక మొదలైంది.

ఆమె బయటికి వచ్చేసరికి జగన్నాథరావు గారు అరుగుమీద కూలబడి ఉన్నారు. బల్లకట్టు ప్రమాదం నాడు నీళ్లలోంచి పైకి తీసినవాళ్లను వరసగా పడుకోబెట్టింది ఆయన ఎదుటే. చాలాసేపు గొడుగుపిడిని అటూ ఇటూ తిప్పుతూ కూచున్నారు. తరవాత లేచి, "నిద్ర తీరేదాకా లేపకు. కూత నేను ఆపిస్తాను" అన్నారు. నాలుగడుగులు వేసి మళ్లీ ఆగారు. "అడిగినవాళ్లకు నేనే వద్దన్నానని చెప్పు. నీ మాట ఎత్తకు."

ఆ మధ్యాహ్నం వీరవేణికి గడవలేదు. గాలి కూడా లేదు. నది హోరు మాత్రం ఇళ్ల మీదుగా వినపడుతోంది. అవతలి ఒడ్డు ఎక్కడో మైళ్ల దూరంలో ఉన్నా, ఆ రేవు షెడ్డులో ఒక ఆడమనిషి మూలుగు తన వీపు వెనక నుంచే వస్తున్నట్టుంది. లేపెయ్యాలని లోపలికి పోవడం, అతని మొహం చూసి వెనక్కి రావడం. ఏం చేసినా తప్పే. లేపితే స్టీమరు నిండా ఉన్నవాళ్లందరి ఉసురు. లేపకపోతే ఈ ఒక్కమనిషి ఉసురు. ఎక్కువా తక్కువా అని తూచడం ఆమెవల్ల కాలేదు. పేరైనా తెలియని ఆ మనిషి కోసం గంగమ్మకు మొక్కింది. మధ్యలో ఒకసారి లేచి, వీధి చివర ఉండే మంత్రసాని వీరమ్మ దగ్గరికి పరిగెత్తి, స్టీమరు కదిలేసరికి రేవులో ఉండమని చెప్పి వచ్చింది. చెయ్యగలిగింది అదొక్కటే.

పొద్దు వాలుతుండగా పల్లంరాజు తనంతట తనే లేచాడు. ఒళ్లు విరుచుకుని, తలమీద తలపాగా తడుముకుని, ఇదేంటని అడిగాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. వింటూ వింటూ అతని మొహం నల్లబడింది. మనిషి ప్రాణం మీద ఉంటే లేపకుండా ఎలా ఉండగలిగావని అడిగాడు.

"లేపాను. లేచి చొక్కా తొడుక్కున్నావు. రాముడు బావ వచ్చాడా అన్నావు."

పల్లంరాజుకు అందులో ఒక్క ముక్కా గుర్తులేదు. తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. గంజి గటగటా తాగి బయటికి నడిచాడు. వీరవేణి కొంగు బిగించి వెంట వెళ్లింది. సరంగుల పెళ్లాలు స్టీమరెక్కే ఆనవాయితీ లేదక్కడ. అయినా ఆమెను దిగమని ఎవరూ అనలేదు.

వెలుతురు ఇంకా ఉండగానే స్టీమరు కదిలింది. మధ్యధారకు చేరేసరికి వరద దాన్ని కిందికి, వంతెన దిమ్మెల వైపు ఈడ్చడం మొదలుపెట్టింది. పల్లంరాజు స్టీమరు ముక్కును ఎగువకు తిప్పి పట్టుకుని, అంగుళం అంగుళం అడ్డంగా జరుపుతున్నాడు. వీరమ్మ కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. వీరవేణి మొగుడి వీపునే చూస్తోంది. ఉన్నట్టుండి ఆ వీపు బిగుసుకుంది. ఎగువన నీళ్లమీద ఏదో నల్లగా తేలుతోంది. చూస్తుండగానే అది పెద్ద మద్దిమాను అయింది. వేళ్లు పైకి లేపుకుని, గిరగిరా తిరుగుతూ స్టీమరు మీదికే వస్తోంది.

అతను కేక వేయలేదు. ఇంజను తగ్గించమని గంట లాగాడు. చక్రం ఇటు తిప్పాడు, ఒక్క క్షణం ఆగాడు, మళ్లీ ఒక్కసారిగా పూర్తిగా అటు తిప్పాడు. స్టీమరు పక్కకు ఒరిగింది. జనం ఒకరిమీద ఒకరు పడ్డారు. మాను వేళ్లు రెయిలింగును గీరుకుంటూ, తడిమట్టి వాసన వదులుతూ దాటిపోయాయి. కాసేపటికి కిందనున్న దిమ్మెకు అది కొట్టుకున్న చప్పుడు వినిపించింది. పనివాళ్లు నిలబడడానికి దిమ్మె చుట్టూ కట్టిన కర్రల సారవ సగం కూలి నీళ్లలో పడింది.

వీరవేణికి సంతోషం కలగలేదు. ఉన్నచోటే కూచుండిపోయింది.

కొవ్వూరు రేవులో జనం తోసుకుంటుంటే వాళ్లను తప్పించుకుని ఇద్దరాడవాళ్లూ షెడ్డు దగ్గరికి పరిగెత్తారు. గోనె సంచులు పరిచి పడుకోబెట్టారు ఆమెను. పేరు రూతు. చిన్న వయసు. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. భర్త చిట్టియ్య మాస్టారు ఆమె తల దగ్గర మోకాళ్లమీద ఉన్నాడు. వీరమ్మ లోపలికి వెళ్లి, గుడ్డలు అడ్డం కట్టించి, చాలాసేపు శ్రమపడింది. బిడ్డను తీసింది. ఏడుపు వినపడలేదు. మగబిడ్డ.

తల్లి దక్కాలంటే వెంటనే ఆసుపత్రికి చేర్చాలంది వీరమ్మ. ఆమెను గోనె సంచులతో సహా మోసుకెళ్తుండగా చిట్టియ్య, స్టీమరు ఇంతసేపు ఎందుకు రాలేదని, ఎవరినని కాకుండా అడిగాడు. జగన్నాథరావు గారు నేర్పిన జవాబు వీరవేణి నాలుక చివరనే ఉంది. అది రాలేదు.

"సరంగు నిద్రపోతున్నాడండి. ఆయన మా ఆయనే. రాత్రంతా నడిపి వచ్చాడు. నేనే పంపలేదండి."

చిట్టియ్య ఆమె మొహంలోకి చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికయ్యేది. చేతుల్లో గుడ్డలో చుట్టిన బిడ్డను గుండెకు హత్తుకుని స్టీమరెక్కాడు. తిరుగు ప్రయాణమంతా రూతు తల వీరవేణి ఒళ్లోనే ఉంది. ఆ తల ఎవరి ఒళ్లో ఉందో రూతుకు తెలియదు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యే గట్టిగా పట్టుకుంది.

రూతు బతికింది. దొరగారు ఊరుకోలేదు. పైకి రాశారు. సరంగును ఆపింది తనేనని జగన్నాథరావు గారు ఒప్పుకున్నారు. ఆయన్ను ఇంకెక్కడికో చిన్న రేవుకు మార్చారు. వెళ్లేముందు ఆయన రెండో బదులు సరంగును వేయించి మరీ వెళ్లారు. పల్లంరాజు ఉద్యోగం పోలేదు. ఊళ్లో మాత్రం మాట రెండుగా చీలింది. మద్దిమాను సంగతి తెలిసినవాళ్లు వీరవేణిని మెచ్చుకున్నారు. బిడ్డ సంగతి తెలిసినవాళ్లు ఆమె తట్టలో చేపలు కొనడం మానేశారు.

తరవాత వంతెన పూర్తయింది. రైలు నది మీదుగానే పోతుంటే స్టీమరుకు పని లేకుండా పోయింది. పల్లంరాజు అన్నదమ్ములతో కలిసి నావ కట్టుకుని వేటకు పోయేవాడు. అంతర్వేది తీర్థానికి మొదటిసారి ఇద్దరూ కలిసి వెళ్లారు.

ఒక ఉదయం వీరవేణి తట్టలో జెల్ల చేపలు వేసుకుని ఇన్నీసుపేట వైపు పోతుంటే ఒక ఇంటి మెట్ల మీంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. తట్ట దించి చూస్తే రూతు. చిట్టియ్యకు రాజమండ్రి బడికి బదిలీ అయిందట. లోపల ఎవరో పసిపాప ఏడుస్తోంది. రూతు చేపలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. అప్పుడు తల ఎత్తకుండానే అంది.

"మిమ్మల్ని చాలాకాలం తిట్టుకున్నానండి. ప్రార్థనలో క్షమించానని చెప్పేదాన్ని. లేచి వచ్చి మళ్లీ తిట్టుకునేదాన్ని."

"ఇప్పుడోండి?"

"ఇప్పుడు కొన్ని రోజులే."

వీరవేణి తల ఊపింది. "నాకూ అంతేనండి. కొన్ని రోజులు లేపి పంపాల్సిందేమో అనిపిస్తది. మళ్లీ ఆ మాను గుర్తొస్తది."

రూతు పెద్దవి నాలుగు ఏరి పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి పాపను ఎత్తుకుని, ఇంకో చేత్తో పీట తెచ్చి వేసింది. వీరవేణి పీటమీద కూచుని, కత్తి తీసి, జెల్లల ముళ్లు తీయడం మొదలుపెట్టింది.